ఏడాది ఎల్లేదాకా ఆగిన చింతచెట్టు

నేను గార్డెన్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యానని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో బయటపెట్టారు. అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. వారానికొకరు ఫోటో పెట్టి, ఆంటీ, ఈ బోన్సాయ్‌కి కుండీ ఎప్పుడు మార్చాలి అని అడుగుతారు. అడిగేది కూడా సరిగ్గా మే నెలలో, రోడ్డు మీద తారు కరుగుతున్నప్పుడు. ఇప్పుడు మాత్రం వద్దు అని రాస్తాను. ఎందుకు వద్దో వివరంగా కూడా రాస్తాను. చదివినట్టు గుర్తుగా ఒక బొటనవేలు బొమ్మ వస్తుంది. మరుసటి వారం ఎండిపోయిన చెట్టు ఫోటో వస్తుంది.

అందుకని ఇక్కడ ఒకసారి రాసిపెడతాను, కావలసినవాళ్లు చదువుకోండి. చెట్టుకు నీళ్లు పోసి చూడండి. పోసిన నీళ్లు వెంటనే మట్టిలోకి దిగి, అడుగు రంధ్రాల్లోంచి బయటికి వస్తే ఇబ్బంది లేదు. పైన నిలబడిపోయి కుండీ అంచు మీదుగా కారిపోతే మాత్రం, లోపల మట్టి తక్కువైందని, వేళ్లే నిండిపోయాయని అర్థం. చెట్టు కుండీలోంచి కాస్త పైకి లేచినట్టు కనిపించినా అంతే. అలాగని తెలిసిన రోజే కత్తెర పట్టుకోకూడదు. మన వరంగల్ ఎండలకు, చింత లాంటి చెట్లకైతే, శివరాత్రి దాటాక పాత ఆకు రాలి కొత్త మొగ్గ ఉబ్బుతున్నప్పుడు చేయాలి. ఆ అదను తప్పితే తొలకరి దాకా ఆగాలి. ఆ మధ్యలో, నడి ఎండాకాలంలో వేళ్లు కోయడమంటే చెట్టును చేతులారా చంపుకోవడమే.

ఇంతవరకు పుస్తకాల్లో కూడా ఉంటుంది. పుస్తకాల్లో లేని ఏడాది ఒకటి నా సర్వీసులో ఉంది. తోటల ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలకు అది చెప్పాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. ఎదురుగా కూర్చుని వినేవాళ్లు దొరక్క రాస్తోంది అని మీరు అనుకుంటే, అదీ అబద్ధం కాదు.

నేను పనిచేసింది హన్మకొండ అవతల ఒక కాలేజీలో. మొక్కలకు నీడవల కప్పిన నెట్ హౌస్ క్యాంపస్ చిట్టచివర, కాంపౌండ్ గోడను ఆనుకుని ఉండేది. నా కంటే చాలా ముందు ఒక ప్రిన్సిపాల్‌కు బోన్సాయ్ సరదా ఉండేదట. ఆయన రిటైరయ్యాక సరదా ఆయనతో పోయింది, చెట్లు మాత్రం కాలేజీకి మిగిలాయి. తర్వాత వచ్చినవాళ్లు కుండీలు మార్చడాన్ని వేసవి సెలవుల పనుల్లో వేశారు. గోడలకు సున్నం, బెంచీలకు మేకులు, బోన్సాయ్‌లకు కొత్త కుండీలు. సెలవుల్లో కూలీలు ఖాళీగా ఉంటారు కదా అని. నేను చేరేనాటికి సగం బల్ల మీద ఎండిన మొద్దులే ఉన్నాయి. వాటికి కూడా రోజూ శ్రద్ధగా నీళ్లు పోస్తున్నారు.

నాకు తోడు ఒక్క మాలి. హసన్‌పర్తి దగ్గర పల్లె ఆయనది. నాకంటే చాలా పెద్దవాడు, నన్ను బిడ్డా అనేవాడు, నేను కాకా అనేదాన్ని. తెల్లారకముందే వచ్చి పనంతా ముగించేవాడు. మధ్యాహ్నం అన్నానికని ఇంటికి పోయి, కునుకు తీసి, పొద్దు వాలాక తిరిగి వచ్చేవాడు. ఆ మధ్య వేళంతా నేనొక్కదాన్నే. స్టాఫ్ రూమ్‌లో కూర్చుని తినొచ్చు, ఎవరూ వద్దనలేదు. కాని నేను లెక్చరర్లలో కలవను, అటెండర్లలో కలవను. ఏ గుంపులో కూర్చున్నా వాళ్ల మాటలు కాసేపు ఆగి, నేను లేచాక మళ్లీ మొదలయ్యేవి. అందుకని టిఫిన్ డబ్బా నెట్ హౌస్‌లోనే విప్పేదాన్ని. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక ఇంట్లో కూడా నేనొక్కదాన్నే. నాకు ఒంటరితనం అలవాటే అని అందరితో చెప్పేదాన్ని. అలవాటే గాని, బాగుందని నేనెప్పుడూ అనలేదు.

మా కాలేజీ స్టోర్ కీపర్ భార్య చనిపోయింది వానలు మొదలైన కొత్తలో. దవాఖానాలో కొద్ది రోజులే ఉంది. అందరితో పాటు నేనూ కొత్తవాడలో వాళ్లింటికి పోయి కూర్చుని వచ్చాను. ఆయన మామూలుగానే తక్కువ మాట్లాడే మనిషి. చాక్‌పీసులు అడిగితే చాక్‌పీసులు, ఫినాయిల్ అడిగితే ఫినాయిల్, అంతకుమించి నోరు విప్పడు. ఆమె పోయాక ఆ మాటలు కూడా పోయాయి. అడిగింది తీసి కౌంటర్ మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసుకుని లోపల కూర్చునేవాడు. అన్నం ఎక్కడ తింటాడో, అసలు తింటాడో లేదో ఎవరికీ తెలియదు.

బతుకమ్మ సెలవులు అయ్యాక ఒక రోజు ఆయన ఆటోలో ఒక చింతచెట్టును తెచ్చాడు. మోకాలెత్తు ఉంటుంది, వెడల్పాటి పల్లెం లాంటి మట్టి కుండీలో. తన భార్య పెంచిందని, ఇంట్లో పగలంతా నీళ్లు పోసేవాళ్లు లేరని, ఇక్కడ ఒక మూలన పెట్టుకోనిస్తారా అని అడిగాడు. ఆయన నాతో అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. బల్ల మీద ఎండిన మొద్దులు తీసేసిన చోటు ఖాళీగా ఉంది, పెట్టమన్నాను.

ఆమెది నేత కుటుంబం. జంపఖానాలు నేసేది. భుజాల నొప్పితో మగ్గం దిగేదాకా నేస్తూనే ఉంది. ఈ చింత ఎవరూ నాటింది కాదట. పులుసు పిసికి పెరట్లో పారేసిన గింజ మొలిస్తే, పీకి పారేయడానికి మనసొప్పక డబ్బాలో పెట్టింది. తర్వాత ఫోన్‌లో వీడియోలు చూసి మొదలు వంచడానికి తీగ చుట్టింది, కొమ్మలు కత్తిరించింది. నేర్పినవాళ్లు లేకపోయినా చెయ్యి మంచిది. ఆ మొదలు వంపు చూసి నేను కుండీని నాలుగు వైపులా తిప్పి చూశాను. మా ప్రిన్సిపాల్ సరదా చెట్లలో ఒక్కదానికీ అంత అందం లేదు. వాళ్లకు పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఆమె చేతుల మీద పెరిగి ఇంకా ప్రాణంతో ఉన్నది ఆ చెట్టొక్కటే.

ఆయన రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు. మొదట్లో నీళ్లు పోసి వెళ్లిపోయేవాడు. కొన్నాళ్లకు స్టూలు లాక్కుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఇంకొన్నాళ్లకు టిఫిన్ డబ్బా తెచ్చుకున్నాడు. మాటలంటూ పెద్దగా ఏమీ లేవు. ఆయన వండుకున్న పప్పులో ఉప్పు ఉండేది కాదు, నా పచ్చడి కాస్త వేసేదాన్ని, వద్దనకుండా తినేవాడు. ఆకులు రాలితే ఏరి మొదట్లో వేసేవాడు. స్టోర్ సారు చెట్టు కోసం పోతాండా, మేడం కోసం పోతాండా అని ఆఫీసులో నవ్వుకుంటున్నారని కాక మోసుకొచ్చాడు. కాకను కసిరాను. నిజానికి నాకు కోపం రాలేదు, రావాలి కాబట్టి తెచ్చుకున్నాను.

చలికాలంలో గమనించాను. నీళ్లు దిగడం లేదు. ఆయన మగ్గుతో పోసిన నీళ్లు పైన అలాగే నిలబడి, బల్ల మీదికి కారిపోతున్నాయి. అడుగున వేలు పెట్టి చూస్తే రంధ్రాలు గట్టిగా పూడుకుపోయి ఉన్నాయి. చెట్టు మొదలు కుండీ అంచు కంటే పైకి లేచింది. ఈ ఎండాకాలం ఇలాగే దాటదని నాకు తెలిసిపోయింది. ఆ చెట్టు పోతే ఈ మనిషి ఏమవుతాడోనన్న భయం కూడా అప్పుడే మొదలైంది. స్టోర్ తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్న మనిషిని నేను చూశాను కదా.

అన్నాలు తిన్నాక చెప్పాను. "సార్, శివరాత్రి ఎల్లినంక దీని వేళ్లు కోసి కుండీ మార్చాలె. లేకుంటే ఎండకాలం దాటది."

ఆయన డబ్బా మూత పెట్టాడు. "ఏడాది ఎల్లలేదు గద మేడం. ఏడాది ఎల్లేదాక ఆమె పెట్టిందేదీ కదిలియ్య. కత్తి అసలే పెట్టనియ్య."

నేను వాదించాను. మొగ్గ ఉబ్బే అదను గురించి చెప్పాను, మట్టి గురించి చెప్పాను, చెట్లకు మనుషుల లెక్కలు తెలియవని కూడా అన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. సంవత్సరీకం కాకముందు ఇంట్లో శుభకార్యాలు చేయరు, పండుగలు చేయరు. అది మన ఇళ్లన్నింట్లో ఉన్నదే. ఆయన వదినె, అంటే భార్య వాళ్ల అక్క, దాన్ని ఇంకాస్త బిగించి చెప్పిందట. చెల్లె సర్దిన అటక, చెల్లె వేసిన పరుపు, చెల్లె పెట్టిన చెట్టు, ఏడాది దాకా ఏదీ ఉన్న చోటు నుంచి కదలొద్దు, కదిలితే ఆమెకు ఆ ఇంట్లో దారి తెలియదు అని. చెట్టును కాలేజీకి తేవడమే తప్పయిందని ఆయన అప్పటికే మథనపడుతున్నాడు. కుండీతో సహా తెచ్చాను కాబట్టి కదిలించినట్టు కాదని తనకు తనే చెప్పుకుంటున్నాడు. అలాంటి మనిషి ముందు నేను మొగ్గల గురించి మాట్లాడుతున్నాను.

కాకకు ఇదంతా తెలిసింది. కాక దగ్గర ప్రతి సమస్యకూ ఒక అడ్డదారి ఉండేది. "సారు లేనప్పుడు మనమే చేసేద్దాం బిడ్డా. మళ్లా అదే కుండీల పెట్టి, మీదికెళ్లి నాచు కప్పితే ఎవలకు తెలుస్తది?"

పనిగా చూస్తే కాక చెప్పింది సరైనదే. మర్నాడు పొద్దున్నే చేసి ఉంటే చెట్టుకు ఏ ఫికరూ ఉండేది కాదు. కాని అలా చేస్తే ఆ మధ్యాహ్నం ఆయన పక్కన కూర్చుని పచ్చడి ఎలా వేస్తాను? కాకతో వద్దన్నాను. చెట్టు మన బల్ల మీద ఉన్నా మనది కాదన్నాను. కాక తల గోక్కుని, మరి సచ్చిపోతే అన్నాడు. 

శివరాత్రి వెళ్లింది. పాత ఆకు రాలింది. కొమ్మల చివర్లలో మొగ్గలు ఉబ్బాయి, ఎర్రగా, గోరుతో గిల్లితే చాలన్నంత లేతగా. నా కత్తెర నూనె రాసి సిద్ధంగా ఉంది, ఎర్రమట్టి జల్లెడ పట్టి ఉంది. ఆయన ఆ మొగ్గల్ని చూసి, ఎంత బాగ అస్తున్నయో చూడున్రి మేడం అన్నాడు. అన్నేళ్ల సర్వీసులో ఒక చెట్టు చిగురిస్తుంటే నాకు ఏడుపు రావడం అదే మొదటిసారి. చిగురు విచ్చుకుంది. అదను వెళ్లిపోయింది.

ఇక ఆ ఎండాకాలం చేసినదంతా చెట్టును ఎలాగోలా గట్టెక్కించడమే. పైన పోసిన నీళ్లు దిగవు కాబట్టి పొద్దున ఒకసారి కుండీని మొత్తంగా నీళ్ల టబ్బులో ముంచి ఉంచేదాన్ని. బుడగలు రావడం ఆగేదాకా పక్కనే నిలబడేదాన్ని. వెదురుపుల్లతో మట్టిలో అక్కడక్కడా పొడిచి గాలి ఆడేలా చేశాను. చుట్టూ తడి గోనెపట్టాలు కట్టాను. ఎరువు వేయలేదు. ఇబ్బందిలో ఉన్న చెట్టుకు బలం వస్తుందని ఎరువు వేస్తారు చాలామంది, అది ఇంకా తొందరగా పోతుంది, గుర్తుపెట్టుకోండి. ఆదివారాలు కూడా హన్మకొండ నుంచి బస్సెక్కి కాలేజీకి పోయేదాన్ని. వాచ్‌మన్ గేటు తీస్తూ, మేడం ఇంట్ల ఏం పని లేదా అని అడిగేవాడు. లేదని చెప్పేదాన్ని. నిజంగానే లేదు.

ఎండలు ముదిరాక ఎడమ వైపు కొమ్మ ఆకులు అంచుల నుంచి ఎండటం మొదలైంది. కొద్ది రోజులకు కొమ్మంతా ఎండిపోయింది. ఆయన ఆ కొమ్మను పట్టుకుని నిలబడ్డాడు. నేను చెప్పాను కదా అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. నేను కాస్త కోపిష్ఠిదాన్నే, ఆ మాట మింగడానికి చాలా కష్టపడ్డాను. ఆయనే అన్నాడు, నేను తప్పు చేస్తున్ననా మేడం అని. వానలు పడేదాక చూద్దాం సార్ అన్నాను. ఆ రోజు ఇద్దరమూ అన్నం సగమే తిన్నాం. ఆయన వెళ్లాక నేను ఎండిన కొమ్మను కోయకుండా అలాగే ఉంచాను. కత్తి పెట్టనియ్యనన్న మాట ఎండిన కొమ్మకు కూడా వర్తిస్తుందో లేదో నాకు తెలియలేదు.

ఏది ఏమైనా వానలు పడ్డాయి. మొదటి వానకు కాలేజీ అంతా మట్టి వాసన. సంవత్సరీకం కోసం ఆయన సెలవు పెట్టాడు. తిరిగి వచ్చిన రోజు మబ్బు పట్టి చల్లగా ఉంది. గుండు చేయించుకున్న తలతో, స్టోర్ తాళం కూడా తీయకుండా నేరుగా నెట్ హౌస్‌కు వచ్చాడు.

"ఏడాది ఎల్లింది మేడం. ఇగ చెయ్యున్రి."

కాకను పిలిచాను. ఎర్రమట్టి, ఇసుక, ఇటుక రజను, బాగా మాగిన పెంట కలిపి పెట్టుకున్నాం. బకెట్‌లో నీళ్లు, తడి గోనెపట్టా పక్కన పెట్టుకున్నాను. వేళ్లు బయటికి తీశాక గాలికి ఆరకూడదు, ఎండుగాలి తగిలితే సన్న వేళ్లు చూస్తుండగానే చచ్చిపోతాయి. కుండీ అంచు చుట్టూ కత్తి తిప్పి, కాక కుండీ పట్టుకుంటే నేను మొదలు పట్టుకుని లాగాను. రాలేదు. మూడు వైపులా కదిలించి లాగితే కుండీ ఆకారంలోనే ముద్దగా బయటికి వచ్చింది. మట్టి లేదు. అంతా వేళ్లే, ఒకదాని చుట్టూ ఒకటి. ముద్దను పక్కకు తిప్పి అడుగు చూశాను.

అడుగున గుడ్డ ఉంది. రంధ్రాల్లోంచి మట్టి జారిపోకుండా మనం జాలీ ముక్క పెడతాం. ఆమె దగ్గర జాలీ లేదు, మగ్గం ఉంది. మగ్గం చివర మిగిలిన జంపఖానా ముక్కను అడుగంతా పరిచింది. నూలు అయితే ఏడాదిలో మట్టిలో కలిసిపోయేది. ఈ మధ్య చవకగా వస్తోందని నూలులో నైలాన్ కలిపి నేస్తున్నారు, ఇది అలాంటిది. చీకిపోలేదు. నీలం అంచు, దాని పక్కన ఎర్ర గీత ఇంకా తెలుస్తున్నాయి. చెట్టు వేళ్లు ఆ పోగుల మధ్యలోంచి దూరి, మళ్లీ తిరిగి వచ్చి, దాన్నే ఇంకోసారి నేసినట్టు పెనవేసుకుపోయాయి. నీళ్లు దిగకపోవడానికి కారణం అది.

ఆయన కింద కూర్చున్నాడు. ఆ నీలం అంచు మీద వేలు పెట్టాడు. "ఇది ఆమె నేసిందే మేడం. ఆఖరుకు నేసింది. భుజాలు నొస్తున్నయ్, ఇగ నాతోని కాదు అన్నది గీ నీలం జంపఖానా నేసినప్పుడే." వేలు తీయకుండానే, "ఇది తియ్యకున్రి," అన్నాడు.

కాక నా ముఖం చూశాడు. నేను వేళ్ల మీద నీళ్లు చిలకరించి తడి గోనె కప్పాను. ఆ ముక్క ఉంటే నీళ్లు దిగవని, నీళ్లు దిగకపోతే ఇంకో ఎండాకాలం ఈ చెట్టు చూడదని చెప్పాను. వేళ్లను విడదీసి గుడ్డను చినగకుండా తీయలేమని, కోయాలంటే రెండూ కలిపే కోయాలని కూడా చెప్పాను.  ఇన్ని నెలలు ఆగి చివరికి ఆయన చేత మళ్లీ వద్దనిపించుకోవడానికా అని నాకు నా మీదే జాలి వేసింది.

 గాలి వీచినప్పుడల్లా నేను గోనె ఎత్తి నీళ్లు చల్లుతున్నాను. బల్ల మీద ఎండిన ఆకులు కదులుతున్నాయి. కాక మెల్లగా లేచి బయటికి పోయి నిలబడ్డాడు. అంత మంచి పని కాక నా సర్వీసులో ఇంకెప్పుడూ చేయలేదు.

"సార్, చెట్టు మీది. మీరు వద్దంటే ఇట్లనే మళ్లా కుండీల పెడుత. నేనేం అనుకోను."

 ఆయన గోనెపట్టా తనే తీశాడు. "చెట్టును పెట్టింది గూడ ఆమెనే గద మేడం," అన్నాడు. చెట్టు మొదలును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, కోయమన్నట్టు తల ఊపాడు.

కోశాను. వేళ్లు, పోగులు కలిసి కత్తెరకు అడ్డం పడ్డాయి. బలం పట్టి కోయాల్సి వచ్చింది. కోసిన ప్రతిసారీ ఆయన కళ్లు మూసుకునేవాడు, చేతులు మాత్రం కదలలేదు. అడుగు మందం తీసేశాక చుట్టూ ఉన్న లావు వేళ్లను తగ్గించాను, సన్న వేళ్లను వీలైనన్ని ఉంచాను. మొత్తం మీద మూడో వంతు పోయింది. ఎండిన కొమ్మను ఇప్పుడు తీసేశాను. పైన ఆకు భారం కూడా కాస్త తగ్గించాను. రంధ్రాలకు జాలీ పెట్టి, కొత్త మట్టి పోసి, చెట్టు ఊగకుండా తీగతో కుండీకి కట్టాను. నీళ్లు పోశాను. పోసిన నీళ్లు పోసినట్టే దిగి, అడుగు నుంచి ఎర్రగా కారాయి. ఆయన ఒంగి ఆ ధారను చూశాడు. ఇంకో మగ్గు పోయమన్నాడు. పోశాను.

కోసిన ముద్దలోంచి అరచేతి అంత నీలం ముక్క ఒకటి దొరికింది, దాన్ని ఆయన కుళాయి దగ్గర కడిగి, పిండి, జేబు రుమాలులో చుట్టుకున్నాడు. మిగతా పోగుల్ని, వేళ్లను ఏం చేయాలని కాక అడిగాడు. ఎరువు గుంతలో వద్దని, గోడ పక్కన వేరే చిన్న గుంత తవ్వి పూడ్చమని నేను చెప్పాను. కాక అడ్డు చెప్పకుండా తవ్వాడు.

ఆ తర్వాతి వారాలు నాకు మంచివి. చెట్టు ఆకులన్నీ రాల్చేసింది. ఆయన భయపడ్డాడు, కుండీ మార్చాక అలాగే రాలుస్తుందని ధైర్యం చెప్పాను. నాలో నేను భయపడ్డాను. నీడలో ఉంచి రోజూ మంచులా నీళ్లు కొట్టేవాళ్లం. బోనాలు వెళ్లాక ఒక మధ్యాహ్నం కొమ్మ మొదట్లో పచ్చని చుక్క కనిపించింది. ఆయనే ముందు చూశాడు. మేడం అని పిలిచి, వేలితో చూపించాడు. ఆ రోజు ఆయన నవ్వాడు, ఆయనకు పన్ను వంకర ఉందని అప్పుడే తెలిసింది. అప్పటి నుంచి మాటలు కూడా పెరిగాయి. ఆమె మగ్గం మీద కూర్చుని పాడేదని, తను కింద కూర్చుని కండెలకు నూలు చుట్టేవాడినని చెప్పేవాడు. నేను మా అమ్మ గురించి చెప్పేదాన్ని. బయట వాన పడుతుంటే నెట్ హౌస్‌లో ఇద్దరు మనుషులు అన్నం తినడం ఎంత బాగుంటుందో నాకు అదివరకు తెలియదు. తెలియకపోయినా బాగుండేదేమో.

బతుకమ్మ సెలవుల ముందు చెట్టు నిండా ఆకు వేసింది. తీగ విప్పి మొదలు కదిపి చూశాను, కదలలేదు. వేళ్లు కొత్త మట్టిని పట్టేశాయి. ఆయన పక్కనే ఉన్నాడు.

"ఇంకా కొన్నొద్దులు ఈడ్నే ఉంచాల్నా మేడం?"

చెప్పడానికి నా దగ్గర మంచి కారణాలు ఉన్నాయి. చలికాలం దాటనివ్వండి అనొచ్చు. ఒక ఎండాకాలం నా కళ్ల ముందు ఉండాలి అనొచ్చు. అంటే ఆయన నమ్మేవాడు, ఏ నిపుణుడూ తప్పు పట్టేవాడు కాదు. ఇంకో ఏడాది ఆ స్టూలు మీద మనిషి ఉండేవాడు. కాని చెట్టు బాగుంది. ఆయన దాన్ని ఇంటికి తీసుకుపోవాలని ఎంత ఆశగా అడుగుతున్నాడో గొంతులోనే తెలుస్తోంది.

"అద్దు సార్. ఇగ తీస్కపోవచ్చు. పొద్దటి ఎండ పడేకాడ పెట్టున్రి."

సాయంత్రం ఆటో వచ్చింది. కాక, ఆయన కలిసి కుండీని సీటు మీద పెట్టారు. ఆయన పక్కన కూర్చుని ఒక చేత్తో మొదలు పట్టుకున్నాడు. నాకు చెప్పాల్సినవన్నీ చెప్పాను, నీళ్ల గురించి, ఎండ గురించి, మళ్లీ ఎప్పుడు వేళ్లు చూసుకోవాలో. మా వదినె మిమ్మల్ని ఒకసారి ఇంటికి రమ్మంది మేడం అన్నాడు. వస్తాననే అన్నాను. ఆటో గేటు దాటేదాకా చూసి, బల్ల మీద కుండీ ఉన్న చోట తడి గుర్తు ఉంటే తుడిచేశాను.

సెలవులయ్యాక కాలేజీ తెరిచారు. మధ్యాహ్నం బెల్లు కొట్టాక నేను నెట్ హౌస్ గేటు దగ్గర నిలబడ్డాను. ఆయన స్టోర్‌కు తాళం వేసి, డబ్బా పట్టుకుని బయటికి వచ్చాడు. లైబ్రరీ అటెండర్ ఏదో అంటే నవ్వాడు. ఇద్దరూ మాట్లాడుకుంటూ స్టాఫ్ రూమ్ వైపు నడిచారు. తలుపు దగ్గరగా వేసుకున్న ఆ మనిషి మళ్లీ నలుగురిలో కూర్చుని తినాలనే ఏడాదంతా నేను కోరుకున్నది. కోరుకున్నట్టే జరిగింది. గేటు వేసి లోపలికి వచ్చి, డబ్బా విప్పాను. ఇద్దరికీ సరిపడా పచ్చడి తెచ్చాను ఆ రోజు. ఒక్కదాన్నే తిన్నాను.